రెండు దినుసుల కషాయము

శొంఠి లేని కషాయము లేదని మనవారి సామెత. సంస్కృతమున శొంఠికి విశ్వభేషజమని పేరు. చీనాదేశీయులును అల్లము నట్లే యాదరించిరి. అయితే వారి వైద్యచరిత్రలో అల్లపు కషాయము వెనుక నొక గొప్ప దుఃఖము కలదు.

హాన్ వంశపు రాజ్యము క్షీణించుచున్న కాలమున జాంగ్ జోంగ్‌జింగ్ అను వైద్యు డుండెను. ఆతని బంధువర్గము రెండువందలకు మించినది. క్రీ. శ. 196 మొదలు పదియేండ్లు నిండకమునుపే వారిలో మూడింట రెండుపాళ్లు మరణించిరి. మృతులలో పదింట ఏడుగురు జ్వరపీడితులు. ఈ లెక్కను ఆతడే తన గ్రంథపు పీఠికలో వ్రాసెను. అం దాతడు దైవమును దూరలేదు. ధనాధికారములకై పరుగులిడుచు వైద్యవిద్య నుపేక్షించి, రోగము పైబడినంతనే మంత్రగాండ్ర నాశ్రయించు విద్యావంతులను నిందించెను. తాతలనాటి పద్ధతిని విమర్శింపక పట్టుకొని వ్రేలాడు వైద్యులను గూడ విడువలేదు.

వమనమున కాతడు చెప్పిన యోగములలో నొకటి మిక్కిలి చిన్నది. దినుసులు రెండే: పచ్చియల్లము, బాన్‌షియా యను దుంప. ఏడుపాళ్ల నీరు ఒకటిన్నర పాలగువరకు కాచి, గోరువెచ్చగా రెండుమార్లు త్రాగవలెను. వాంతియైనను దాహము లేనివానికే ఇది తగునని నియమము. కడుపులో నీరు నిలిచియుండుటయే అట్టి వాంతికి కారణమని ఆతని యూహ. ఆ యూహ యెట్లున్నను, వాంతి యన్నంతనే యెల్లరికి నొకే మందు పోయరాదను వివేకము గమనింపదగినది.

బాన్‌షియా మన కంద, చేమల కుటుంబములోనిదే. కందదురద నెరిగిన గృహిణులకు వేరుగ చెప్ప నక్కరలేదు. పచ్చిదుంపలోని సూదులవంటి స్ఫటికములు నాలుకను, గొంతును బాధించును. కావుననే చీనావారు దానిని అల్లముతోను, పటికతోను శుద్ధిచేసి వాడుదురు.

1076లో సుంగ్ ప్రభువులు రాజధానియగు కైఫెంగ్ నగరమున ప్రభుత్వపు మందులయంగడిని తెరచిరి. తరువాత అట్టి యంగళ్ల యోగములు గ్రంథముగా వెలువడెను. వాంతులకు, విరేచనములకు చీనావారు నేటికిని వాడు హువోషియాంగ్ చూర్ణము అందులోనిదే. తండ్రి కొడుకు చెవిలో చెప్పెడి రహస్యము లిట్లు పదిమంది సొత్తయ్యెను.

1982లో అల్లము మరియొక పరీక్షకు నిలిచెను. తిరుగుకుర్చీలో కూర్చుండిన విద్యార్థులకు అల్లపుపొడి వాడుకలోనున్న మాత్రకంటె మేలు చేసెనని లాన్సెట్ పత్రిక ప్రకటించెను. తరువాతి పరీక్షలు ప్రయాణపు వికారము విషయమున ఏకముగా సమర్థింపలేదు. గర్భిణుల వికారమున మాత్రము కొంత గుణము కానవచ్చినది.

ప్రాచీనమని పూజించుటయు, ప్రాచీనమని పారవేయుటయు శ్రమ తప్పించుకొను మార్గములే. బంధువులను పోగొట్టుకొన్న ఆ వైద్యుడు మనకు విడిచినవి స్తోత్రములు కావు, కొలతలును, నియమములును. వానిని మరల పరీక్షించుటయే ఆతనికి తగిన గౌరవము.