ఆట, నేరం, శిక్ష

ఆటలో మోసం చేసినవాణ్ణి శిక్షించవద్దని ఎవరూ అనరు. నేరాన్ని నిర్ణయించేదెవరు, శిక్షను కొలిచేదెవరు అన్నదే ప్రశ్న. నేడు జన్వాడ యువకుడు సైతం ఫోను తెరమీద దేశాంతరాల వారితో పోటీ పడగలడు. ఆ పోటీలలో నిర్వాహకుడే నియమం రాస్తాడు, నేరం మోపుతాడు, తీర్పు చెబుతాడు. ఈ మూడధికారాలూ ఒక్కచేత చేరితే ఏమవుతుందో హైదరాబాదు క్రికెట్ చరిత్రలోనే చూడవచ్చు.

2000 డిసెంబరులో భారత క్రికెట్ బోర్డు మ్యాచ్ ఫిక్సింగ్ ఆరోపణపై మహమ్మద్ అజహరుద్దీన్‌ను జీవితాంతం బహిష్కరించింది. 99 టెస్టులాడిన హైదరాబాదీ అతడు. కింది కోర్టు బోర్డునే సమర్థించింది. 2012 నవంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ బహిష్కారం చట్టం ముందు నిలవదన్నది. అప్పటికతనికి 49 ఏళ్లు. కేసు గెలిచాడు గాని ఆట తిరిగి రాలేదు. అతడు నిర్దోషి అని నేను వాదించటం లేదు. విచారణ సక్రమంగా లేనప్పుడు ఆటగాడితో పాటు ప్రజలూ నష్టపోతారు; వారికి నిజమేమిటో ఎన్నటికీ తేలదు.

2020 సెప్టెంబరులో కౌంటర్-స్ట్రైక్ ఆటలోని లోపాన్ని వాడుకొని ప్రత్యర్థుల కదలికలు దొంగచాటుగా చూసిన 37 మంది కోచ్‌లను ఈ-స్పోర్ట్స్ ఇంటెగ్రిటీ కమిషన్ బహిష్కరించింది. అందరినీ ఒకే గాటన కట్టలేదు. తప్పు ఎంత మేరకు జరిగిందో కొలిచింది, ఒప్పుకున్నవారికి తగ్గించింది, అత్యధిక శిక్ష 36 నెలలు. కొలత ఉన్న శిక్ష ఇది.

అయినా కొలత ఒక్కటే చాలదు. ఆరోపణ ఏమిటో నిందితుడికి తెలియాలి, అతని జవాబు వినాలి. అప్పీలు వినేవాడు శిక్ష వేసినవాడే అయితే, దానిని న్యాయమని నేననలేను.