నానీ ఐనక్: నలభై దాటిన చూపు కథ



మా నానీది జూపాడు బంగ్లా. ఫజర్ నమాజ్ అయ్యాక వాకిట్లో మంచం మీద కూర్చుని తిలావత్ చేసేది. నా చిన్నతనంలోనే, ఆమెకు నలభై అయిదేళ్ళున్నప్పుడు, ముస్‌హఫ్‌ను చేయి చాచి దూరంగా పట్టుకోవడం మొదలుపెట్టింది. కొన్నాళ్ళకు ఆ చేయీ చాలలేదు. ముస్‌హఫ్‌కు గిలాఫ్ తొడిగి తాఖ్‌లో పెట్టేసింది. నోటికొచ్చిన సూరాలతోనే సరిపెట్టుకుంది. ఎవరైనా అడిగితే "ఉమర్ హోగయీ బేటా" అనేది. అలా ఇరవై ఏళ్ళకు పైగా గడిచాయి. ఆమెకు ఒక ఐనక్ కొనివ్వాలని ఇంట్లో ఎవరికీ తోచలేదు, నాకు కూడా.

ఇప్పుడు నాకూ ఆ వయసే వచ్చింది. మందుసీసా మీద అక్షరాలు చదవలేక వెలుతురులోకి నడిచిన రోజున నానీ యాదికొచ్చింది. అప్పుడే ఈ చూపు తారీఖ్ చదవడం మొదలుపెట్టాను.

తెలుగులో దీన్ని చత్వారం అంటారు. నలభై అనే సంస్కృతపు లెక్క నుంచి వచ్చిన మాట. మరాఠీలో చాళీశీ అంటారు, అదీ చాలీస్ నుంచే. అంటే ఇది బీమారీ కాదు, ఉమర్‌తో అందరికీ వచ్చే మార్పు. కంట్లో పప్పుగింజ ఆకారంలో ఒక కటకం ఉంటుంది. అరబీలో దాని పేరు అదసా, అంటే మసూర్ పప్పు గింజ. లాటిన్‌లో లెన్స్ అన్నా ఆ గింజే. పడుచుతనంలో ఈ కటకం మెత్తగా ఉంటుంది. దగ్గరి వస్తువు చూసేటప్పుడు ఉబ్బుతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ గట్టిపడి, ఉబ్బడం తగ్గిపోతుంది. దూరంగా ఉన్న మినార్ బాగానే కనిపిస్తుంది, సూదిలో దారం మాత్రం ఎక్కదు.

ప్రతి మర్జ్‌కూ అల్లాహ్ దవా పెట్టాడనీ, ఒక్క ముసలితనానికి తప్ప అనీ హదీసులో ఉంది. నిజమే, గట్టిపడిన కటకాన్ని మళ్ళీ మెత్తబరిచే మందు లేదు. కానీ దానికి తోడుగా అద్దం ఉంది. ఆ అద్దం వెనక మనవాళ్ళ ఇల్మ్ కూడా ఉంది.

సుమారు 965లో బస్రాలో పుట్టిన ఇబ్నుల్ హైసమ్ ఖాహిరాలో 'కితాబుల్ మనాజిర్' రాశాడు. అప్పటిదాకా చాలామంది ఆలిములు కంటి నుంచే కిరణాలు బయలుదేరి వస్తువును తాకుతాయని నమ్మేవారు. కాదు, వస్తువు మీది వెలుతురే కంట్లోకి వస్తుందని అతను దలీళ్ళతో చూపించాడు. ఆ కితాబు లాటిన్‌లోకి వెళ్ళి యూరప్ ఆలిముల చేతుల్లో శతాబ్దాల పాటు నలిగింది. 1280ల చివర్లో ఇటలీలో కళ్ళజోడు తయారైంది. రెండు వందల ఏళ్ళ తర్వాత హిరాత్‌లో ఫార్సీ కవి జామీ తన ముసలి కళ్ళకు ఫిరంగీ అద్దాలు కావలసి వచ్చాయని రాసుకున్నాడు. అంత పెద్ద షాయర్ పెట్టుకోవడానికి సిగ్గుపడలేదు.

నానీ కథకు వస్తాను. డెబ్బైకి దగ్గరపడ్డాక ఒకరోజు "నాకు అక్షరాలు కనిపిస్తున్నాయి" అంది. ఐనక్ లేదు, దవా లేదు. ఇల్లంతా మాషా అల్లాహ్ అనుకున్నాం. తాఖ్‌లోంచి ముస్‌హఫ్ దిగింది. ఆ ఖుషీ ఏడాది కూడా నిలవలేదు. ముందు దూరం మసకబారింది, తర్వాత దగ్గర కూడా. కర్నూలు తీసుకెళ్తే డాక్టర్ అసలు సంగతి చెప్పాడు. తిరిగొచ్చింది చూపు కాదట, మోతియా. శుక్లం మొదలయ్యేటప్పుడు కొందరిలో కటకం శక్తి పెరిగి, దగ్గరిచూపు కొన్నాళ్ళు బాగుపడినట్టు ఉంటుందట.

పాత హకీములు శుక్లాన్ని నుజూలుల్ మా అన్నారు, కంట్లోకి నీరు దిగడమని. ఆ భావమే లాటిన్‌లోకి వెళ్ళి, జలపాతమనే అర్థంతో కాటరాక్ట్ అయింది. మన దేశంలో సుశ్రుతుడి కాలం నుంచీ మసకబారిన కటకాన్ని సూదితో పక్కకు నెట్టేవారు. ఇబ్నుల్ హైసమ్ కాలంలోనే, అదే మిస్ర్‌లో, మోసుల్ నుంచి వచ్చిన కహ్హాల్ అమ్మార్ బిన్ అలీ బోలు సూదితో శుక్లాన్ని పీల్చి తీయడం గురించి రాశాడు. కహ్హాల్ అంటే సుర్మా పెట్టేవాడు, అంటే కంటి వైద్యుడు. 1747లో ఫ్రాన్స్‌లో దావియేల్ కోత పెట్టి కటకాన్ని బయటికి తీశాడు. 1949లో లండన్‌లో హారాల్డ్ రిడ్లీ దాని స్థానంలో ప్లాస్టిక్ కటకం పెట్టాడు. యుద్ధంలో పైలట్ల కళ్ళలో గుచ్చుకున్న విమానపు ప్లాస్టిక్ ముక్కలు కంటికి పెద్దగా హాని చేయలేదని గమనించాక వచ్చిన ఆలోచన అది.

నానీకి అలాంటి కటకమే వేశారు. కట్టు విప్పిన రోజు ఆమె యాఖూబ్ అలైహిస్సలామ్‌ను తలుచుకుంది. కొడుకు కోసం ఏడ్చి తెల్లబడిన ఆయన కళ్ళకు యూసుఫ్ చొక్కా తాకగానే చూపు వచ్చింది కదా. చదవడానికి ఒక ఐనక్ కూడా ఇచ్చారు. "ఇది ముందే ఇప్పించి ఉంటే ఎన్ని ఖతమ్‌లు అయ్యేవిరా" అంది. నేను జవాబు చెప్పలేకపోయాను.

దాదాకు ఆ అదృష్టం కూడా దక్కలేదు. ఆయనది కాలా మోతియా, తెలుగులో నీటికాసులు. పక్కల నుంచి చూపు పోతూ వచ్చింది. అదీ మామూలు మోతియానే, పండాక తీయిద్దామని మేం ఆగాం. తెల్ల మోతియాను తీసేస్తే చూపు వస్తుంది. కాలా మోతియాలో పోయింది మళ్ళీ రాదు, మిగిలినదాన్ని కాపాడుకోవడమే.

2019 అక్టోబర్‌లో రాష్ట్రంలో కంటి వెలుగు పథకం బడిపిల్లలతో మొదలైంది. 2020 ఫిబ్రవరిలో 60 దాటిన అవ్వాతాతల విడతను కర్నూలులో ప్రారంభించారు. జూపాడు బంగ్లా అప్పటికి కర్నూలు జిల్లాలోనే ఉంది, నంద్యాల జిల్లా 2022లో వచ్చింది. ఆ విడత నాటికి నానీ లేదు.

సుర్మా పెట్టుకోవడం సున్నతే. కానీ అది చత్వారాన్ని, మోతియాను తగ్గించదు. బజారు సుర్మాలో చాలావాటిలో సీసం ఉంటుంది, పిల్లలకు పెట్టేముందు ఆలోచించండి. నలభై దాటినవాళ్ళు ఒకసారి కంటి ఒత్తిడితో సహా పరీక్ష చేయించుకోండి. షుగర్ ఉన్నవాళ్ళు ఏటా కంటి వెనక పొర చూపించుకోండి. సబర్ మంచిదే, కానీ దవా ఉండగా కూర్చోవడం సబర్ కాదు.

ఈ రాత్రి ఇషా అయ్యాక మీ అమ్మీ చేతికి ఒక పుస్తకం ఇచ్చి చూడండి. చేయి ఎంత దూరం చాస్తుందో గమనించండి. అక్షరాలు అందకపోతే పొద్దున్నే బయలుదేరండి, ఇన్షా అల్లాహ్.