బందరు నోబుల్ కళాశాల పూర్వవృత్తాంతము

ఆంగ్లేయ వర్తకులు తూర్పుతీరమున మొట్టమొదటి వర్తకశాలను నెలకొల్పినది 1611లో, మచిలీపట్టణమున. అద్దకపు బట్టలకై వచ్చిరి; కొనిరి, పోయిరి, మరల వచ్చిరి. ఆ పట్టణమున ఈనాటికిని పేరు నిలిచియున్న ఇంగ్లీషు పాఠశాల ఒకటి వెలయుటకు ఆ పిమ్మట రెండువందల ముప్పదిరెండు సంవత్సరములు పట్టినది. అదియు కుంపిణీవారు పెట్టినది కాదు.

దానిని స్థాపించినవాడు రాబర్టు టర్లింగ్టన్ నోబుల్. 1809లో లెస్టరు మండలమున జన్మించి, కేంబ్రిడ్జిలోని సిడ్నీ ససెక్సు కళాశాలలో చదివి, 1799లో ఏర్పడిన చర్చి మిషనరీ సంఘము తరఫున హెన్రీ ఫాక్సు అను యువకునితో గూడి 1841లో మన దేశమునకు వచ్చెను. నందన కరవు ఆ ప్రాంతమును కబళించి పట్టున పది యేండ్లు కాలేదు. ఇద్దరును మొదట చేసిన పని తెలుగు నేర్చుట. ఫాక్సు తిరునాళ్లలోను పల్లెలలోను తిరిగి ప్రజలతో మాటలాడవలె ననెను. నోబులు ఒకచోట కూర్చుండి పిల్లలకు చదువు చెప్పవలె ననెను. ఎవరి త్రోవ వారు పట్టిరిగాని స్నేహము చెడలేదు. ఫాక్సు ఆరోగ్యము చెడి 1848లోనే స్వదేశమున మరణించెను. అతడు చదివిన రగ్బీ పాఠశాలవారు అతని జ్ఞాపకార్థము చందాలు పోగుచేసి, బందరు పాఠశాలలో ఒక ఉపాధ్యాయునికి జీతమేర్పరచిరి. తాము కంట చూడని యూరి బడికి ఎక్కడనో పిల్లలు తమ కాసులు కూడబెట్టుట మెచ్చదగినది.

నోబుల్ పాఠశాల 1843 నవంబరు 21వ తేదీన తెరవబడినది. చేరిన విద్యార్థు లిద్దరు.

ఇచట ఒక సంగతి దాచక వ్రాయవలసియున్నది. నోబుల్‌దొర తన బడిలో మాలలను, తోలుపని చేయువారిని, పాకీపని చేయువారిని చేర్చుకొనలేదు. క్రీస్తుమతము కులభేదము నంగీకరింపదని అతడెరుగును. ఐనను పై కులములవారు తమ బిడ్డలను పంపవలెనన్న ఈ కట్టుబాటు తప్పదని అతడు తలచెను. పై శ్రేణి మారిన క్రింది శ్రేణి తానే మారునని అతని యూహ. అతని తోటి మిషనరీలలోనే దీని నాక్షేపించినవారు కలరు. మన వసిష్ఠకు ఆవలి యొడ్డున, 1836లో ఇంగ్లండు విడిచి వచ్చిన బౌడెను, బీరు అనువారు నరసాపురము, పాలకొల్లు ప్రాంతముల నాశ్రయించి సామాన్యజనుల మధ్యనే పని సాగించిరి. ఒక్క బడి యొక్క అరుగుమీద కూర్చుండు హక్కు ఎవరిదన్న ప్రశ్న ఈ చరిత్ర కంతటికిని ఇరుసు వంటిది. నోబులు చిత్తశుద్ధిని శంకించుటకు నాకు హేతువు కనబడదు. అతని లెక్క తప్పినదన్నమాట మాత్రము చెప్పక తప్పదు.

1852లో ఆ లెక్కకు మొదటి పరీక్ష వచ్చినది. అతని శిష్యులిద్దరు, బ్రాహ్మణుడైన మంచాల రత్నము, వెలమయైన ఐనాల భూషణము, బాప్తిస్మము పుచ్చుకొనిరి. పట్టణ మట్టుడికినది. తల్లిదండ్రులు బిడ్డలను ఈడ్చుకొనిపోయిరి, బడి పాడుపడినట్లయ్యెను. ఆ తల్లుల దుఃఖమును తేలికగ చూడరాదు. కన్నకొడుకు ఇల్లు విడిచి, పంక్తి విడిచి, కర్మకైనను రాడన్నది ఆ కాలమున చావుతో సమానము. ఐనను నెమ్మదిగ పిల్లలు మరల వచ్చిరి. కారణము భక్తి కాదు. ఇంగ్లీషు వచ్చినవానికి కచేరీలో కొలువు దొరకుచుండెను. కొన్నియేండ్లకు జాని అల్లీ అను ముసల్మాను విద్యార్థియు క్రైస్తవుడై, కేంబ్రిడ్జికిపోయి పట్టము పొంది, కలకత్తాలో పనిచేసెను.

అతడు ద్వారము మూసినవారు మాత్రము ఊరకుండలేదు. 1859లో రాఘవాపురమున పగోలు వెంకయ్య యను మాల నాయకుడు తానై వచ్చి బాప్తిస్మము పొందెను. అతని వెనుక వందలు వచ్చిరి. కృష్ణామండలమున క్రైస్తవసంఘము పెరిగినది ఆ పల్లెలనుండియేగాని బందరు తరగతి గదులనుండి కాదు.

1864 నవంబరు 1వ తేది రాత్రి వచ్చిన తుపానులో సముద్రము పట్టణముమీద పడినది. ముప్పదివేలమంది మరణించిరని లెక్క. నీరు పదునేడు మైళ్లు లోపలికి పోయినది. 1977నాటి దివిసీమ యుప్పెనను, 1996 నవంబరులో మన కోనసీమను నేలమట్టము చేసిన గాలిని ఎరిగిన పాఠకులకు ఆ రాత్రి ఎట్టిదో వేరుగ చెప్పనక్కరలేదు. షార్కీ దంపతులు నడుపుచుండిన బాలికల పాఠశాలలో ముప్పదిముగ్గురు బాలికలు ఆ యొక్క రాత్రి జలసమాధి యైరి. నోబులు ప్రాణముతో బయటపడెనుగాని మరల కోలుకొనలేదు. 1865 అక్టోబరు 17న బందరులోనే మరణించెను. వచ్చినది మొదలు ఇరువదినాలుగేండ్లలో ఒక్కమారైనను స్వదేశమునకు పోలేదు. అతని జీవితమును అన్నగారైన జాను నోబులు 1867లో గ్రంథముగ ప్రకటించెను.

పాఠశాల కళాశాలయైనది. రగ్బీవారి జీతముపై వచ్చిన ఆర్థరు పూలు 1883లో జపానునకు మొదటి ఆంగ్లికను బిషప్పైనాడు. అంతకన్న మనకు ముఖ్యము అక్కడ పాఠము చెప్పిన రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు. ఆయన క్రైస్తవుడు కాడు, బ్రాహ్మసమాజస్థుడు. ఆయన శిష్యులలో ముట్నూరి కృష్ణారావుగారు, పట్టాభి సీతారామయ్యగారు గలరు. నోబులువారి యింగ్లీషు చదువు చదివినవారే కోపల్లె హనుమంతరావుగారితో గూడి 1910లో అదే యూరిలో ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించిరి. అక్కడ తెలుగున బోధన, దానితోపాటు చేతిపనులు. మువ్వన్నెల జెండాకు రూపు గీసిన పింగళి వెంకయ్యగారు కొంతకాల మందు అధ్యాపకులు. ఆ దినములలోనే మన కడియపు చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు బందరు హిందూ ఉన్నతపాఠశాలలో తెలుగు పండితులుగనుండి విశ్వనాథ సత్యనారాయణగారికి గురువులైరి. ఒక చిన్నపట్టణమున ఇన్ని చదువులు ఒక్కమారు రగుల్కొనుట అరుదు.

వేంకటరత్నము నాయుడుగారు 1904లో కాకినాడ పిఠాపురము రాజావారి కళాశాలకు అధ్యక్షులైరి. 1919 వరకు ఆ పదవిలోనుండిరి. కోనసీమ కుఱ్ఱవాండ్రు గోదావరి దాటి ఆ కళాశాలకే పోవువారు. ఆయన అందు బాలికలను చేర్చుకొనిరి. బందరులో నోబుల్‌దొర మూసిన తలుపును కాకినాడలో తెరచి, అంటరానివారని పేరుపడిన బిడ్డలకు వసతిగృహము కల్పించిరి. వారు పై కులములవారి బిడ్డలతో ఒకే బల్లమీద కూర్చుండిరి.