ఎలుగుకు పెట్టిన తప్పు పేరు



పొద్దున్నే తోటకు పోయినప్పుడు చెదలపుట్ట తవ్వేసి, చుట్టూ పొడుగాటి గోళ్ళగీతలు కనిపిస్తే, రాత్రి వచ్చినదెవరో మీకు ఇంకొకరు చెప్పనక్కరలేదు. కాని ఈ జంతువు ఏ జాతిదో గొప్ప పండితుడే పోల్చుకోలేకపోయాడంటే నమ్ముతారా?

ఇది 1791 నాటి మాట. ఇంగ్లండులో జార్జి షా అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు ఉండేవాడు. మన దేశపు ఎలుగుబంటిని ఆయన వర్ణించవలసివచ్చింది. చూస్తే పొడుగాటి వంపు గోళ్ళు. నోట్లో పైదవడకు ముందున్న నడిమి పళ్ళు రెండూ లేవు. దక్షిణ అమెరికా అడవుల్లో స్లాత్ అనే బద్ధకపు జంతువొకటి ఉంది. కొమ్మకు తలక్రిందులుగా వేలాడుతూ ఆకులు మేస్తుంది. దానికీ ముందుపళ్ళుండవు, గోళ్ళూ ఇలాంటివే. ఇంకేం, ఇదీ ఆ కులమేనని నిర్ణయించి ఆ వంశనామమే తగిలించాడు. మన అడవిపల్లెల్లో పశువులు కాసే పిల్లవాడు వింటే పడీపడీ నవ్వి ఉండును! రెండేళ్ళకు, 1793లో, మేయర్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు దీనికి తేనె ఎలుగు అనే అర్థంలో "మెలర్సస్" అని వేరే పేరు కట్టాడు. ఇంగ్లీషువాళ్ళు మాత్రం నేటికీ "స్లాత్ బేర్" అనే అంటున్నారు. ఒకసారి అతుక్కున్న పేరు ఊడటం కష్టం సుమండీ.

ఇంతకూ షా గారిని తికమక పెట్టిన ఆ పళ్ళసందు అవిటితనం కాదు, పనిముట్టు. ఎలుగు గోళ్ళతో పుట్టను పగలగొట్టి, మూతి లోపల పెట్టి, ముందు ధూళిని ఉఫ్‌మని ఊదేస్తుంది. తరువాత ముక్కుపుటాలు మూసుకొని, పెదవులు గొట్టంలాగా చాచి, ఆ సందులోంచి చెదలను జుర్రుమని పీలుస్తుంది. ఆ చప్పుడు నూరు గజాల దూరానికి వినిపిస్తుంది. వంశం చూస్తే ఇది నక్కకు, తోడేలుకు, రేచుకుక్కకు దూరపు చుట్టమే. అన్నీ మాంసాహార గణంలోవే. చుట్టాలు వేటకు పోతే ఇది చెదలకు, చీమలకు, తేనెకు, ఇప్పపువ్వుకు, తునికి పండ్లకు పోతుంది.

మరి చెదలు తినేది మనిషి మీద పడటమెందుకు? ఇక్కడే మీరు కాస్త మనసు పెట్టాలి. దాని ముక్కు గట్టిది గాని చూపూ వినికిడీ అంతంతమాత్రం. పుట్టలో మూతి పెట్టి, తన జుర్రుడు చప్పుడులోనే మునిగి ఉన్నప్పుడు, చెప్పుల్లేని కాళ్ళతో మీరు నాలుగు బారల దగ్గరికి వచ్చినా దానికి తెలియదు. తెలిసిన క్షణాన ఉలికిపడుతుంది. పులులతో కలిసి బ్రతికిన జంతువు. ఉలికిపడితే పారిపోవడం కన్న ఎదురు తిరగడమే దానికి అలవాటు. తల్లి ఎలుగైతే పిల్లలను వీపు మీద మోస్తూ తిరుగుతుంది, మరీ మొండిగా పైబడుతుంది. కాటు, గోరు ఎక్కువగా తలకూ ముఖానికీ తగులుతాయి.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం రైతులకు ఇది అనుభవం. జీడిమామిడి, పనస పండే రోజుల్లో కొండ దిగి ఎలుగులు తోటలకు వస్తాయి. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలంలో ఒక ఎలుగు ఒకరి ప్రాణం తీసి, మరికొందరిని గాయపరచింది. దాన్ని పట్టుకున్నారు గాని అదీ బ్రతకలేదు.

మన తాతల నాడు ముక్కుకు తాడువేసిన ఎలుగును ఊరూరా ఆడించేవారు. పిల్లలకు భయం పోవాలని దాని మీద కూర్చోబెట్టి, వెంట్రుక తాయెత్తులో కట్టేవారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక ఎలుగును పట్టడం, చంపడం నేరం.

కాబట్టి తెల్లవారుజామున జీడిగింజలు ఏరడానికి ఒంటరిగా, నిశ్శబ్దంగా పోకండి. ఇద్దరు ముగ్గురు కలిసి, గట్టిగా మాట్లాడుకుంటూ పోండి. పాట వస్తే పాడుకోండి. రాలిన పనసపండు చెట్టుక్రింద కుళ్ళనీయకండి. పుట్ట దగ్గర జుర్రుమనే చప్పుడు వినిపించిందా, అటు చూడబోకుండా వచ్చిన దారినే వెనక్కు తిరగండి.