చెరువులోకి ముందు, గాజు తొట్టెలోకి తర్వాత

ఆఫ్రికా చేపను నిర్మల్‌కు తెచ్చింది అక్వేరియం షాపువాళ్ళేనని మా వీధి పిల్లలు అనుకుంటారు. మా హాల్లో తిరిగే పసుపుపచ్చ చేపను చూపించి, దీని దాయాదే మీరు మొన్న కూరలో తిన్న జిలేబి చేప అంటే నమ్మరు. రెండూ సిక్లిడ్ కుటుంబమే, పైగా ఇరుగుపొరుగు ఊళ్ళవి. పసుపు చేపది మలావీ సరస్సు. ఆ సరస్సులోంచి బయటికొచ్చే షిరే నది వెళ్ళి జాంబెజిలో కలుస్తుంది. జిలేబి, అంటే మొజాంబిక్ తిలాపియా, ఆ దిగువ నీళ్ళది.

మన గడప తొక్కింది ముందు తిలాపియానే. 1930లలో జావాలో కనబడిన ఈ చేప అక్కణ్ణుంచి ఆసియా అంతా పాకింది. మన దేశానికి 1952లో తెచ్చారు. చవగ్గా చేప దొరకాలన్నది ఆలోచన. దాన్ని ఇక పెంచొద్దని 1959లో మత్స్య పరిశోధన కమిటీ చెప్పేసరికే పని చెయ్యి దాటింది. దక్షిణాది రిజర్వాయర్లలో మనుషులు వదిలారు, వాగులూ కాలువలూ పట్టుకుని మిగతా పని అదే చేసుకుంది. ఇవాళ గోదావరిలోనూ ఉంది. రెండు మూడు నెలలకే గుడ్లకొస్తుంది, ఒళ్ళు పెరగకముందే సంతతి పెరుగుతుంది. ధర్మసాగర్ గట్టు మీద వల దులుపుతున్న కాకాను అడిగితే, "బొచ్చె పిల్లల్ని, రవ్వ పిల్లల్ని సర్కారు పోస్తది తమ్మీ. దీన్ని ఎవ్వలు పొయ్యలే, అదే నిండింది" అన్నాడు. సర్కారు ఉచితంగా చేపపిల్లలు పోయడం 2016లో మొదలైంది.

ఇంత మొండిగా బతకడానికి అసలు కారణం నోట్లో ఉంది. మా తొట్టెలో ఆడచేప గుడ్లు పెట్టిన వెంటనే వెనక్కి తిరిగి ఒక్కొక్కటే నోట్లోకి తీసుకుంటుంది. దవడ కింద సంచిలా ఉబ్బుతుంది. మేత వేస్తే మిగతావి ఎగబడతాయి, ఇది మాత్రం రాయి చాటున నోరు ఆడిస్తూ గుడ్లను దొర్లిస్తుంటుంది. దాదాపు మూడు వారాలు ఇంతే, పొట్ట లోపలికి పీక్కుపోతుంది. తిలాపియా తల్లిదీ ఇదే పద్ధతి. చెరువులో గుడ్లు కొర్రమట్ట పాలు కాకుండా ఉండేది అందుకే.

మలావీ చేపల్ని సైన్సుకు పరిచయం చేసినవాళ్ళలో మొదటివాడు గుంథర్. లివింగ్‌స్టన్ బృందం పట్టుకెళ్ళిన నమూనాలను 1864లో లండన్‌లో వర్ణించాడు. గాజు తొట్టెల కోసం అక్కణ్ణుంచి ఎగుమతులు ఊపందుకోవడానికి ఇంకో వందేళ్ళు పట్టింది. మా పసుపు రకం లోకమంతా తిరిగింది 1980ల తర్వాతే. ఇప్పుడు దాన్ని చెన్నై కొళత్తూరులాంటి చోట్ల ఇక్కడే పెంచి అమ్ముతున్నారు. మలావీ నీళ్ళు క్షారం. కెటిల్‌లో తెల్ల పొర కట్టే మా బోరు నీళ్ళు వీటికి బ్రహ్మాండంగా పడ్డాయి. శుభ్రమని ఫిల్టర్ క్యాన్ నీళ్ళు కొని పోసేవాళ్ళను చూస్తే జాలేస్తుంది.

విక్టోరియా సరస్సులో మాత్రం కథ తిరగబడింది. 1950లలో వదిలిన నైలు పెర్చ్ అక్కడి సిక్లిడ్లలో ఎన్నో రకాలను తుడిచిపెట్టింది. అక్కడ ఇవి ఆహారం, మన చెరువుల్లో ఇవే దాడికొచ్చినవి. అందుకే ఇల్లు మారేవాళ్ళెవరైనా తొట్టె చేపల్ని బంగల్‌పేట్ చెరువులో వదులుతామంటే, వద్దు, నాకియ్యండి అంటాను. మా ఆవిడ మాత్రం మూడో తొట్టెకు హాల్లో జాగా ఎక్కడుందని అడుగుతోంది.