బస్తా కట్టే రూలు, రూలు మార్చే రూలు

ఈసారి కాస్త పెద్దగా రాశాను, తీరిక దొరికినప్పుడు చదవండి.

వచ్చే జనరల్ బాడీలో మన బైలాలు మార్చే చిత్తుప్రతి చర్చకు వస్తోంది. దాని గురించి నా మాట చెప్పేముందు ఒక చరిత్ర చెబుతాను. ఇది మన ఊరిది కాదు. ఆఫీసులో పాత కంప్యూటరుకి మన కుర్రాళ్లు వేసిన డెబియన్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ది. డబ్బు కట్టక్కర్లేదు, ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. నన్ను ఆకట్టుకున్నది మాత్రం అది కాదు, దాని రూలు పుస్తకం.

గూడ్స్ క్లర్కుగా పనిచేసినవాణ్ణి కాబట్టి రూలు పుస్తకం కనబడితే చేయి ఊరుకోదు. సరుకుని ఎలా కట్టాలో రైల్వేలో ప్యాకింగ్ కండిషన్లు ఉండేవి. కట్టు సరిగా లేకపోతే ఆ సంగతి ఫార్వర్డింగ్ నోట్‌లో రాయించుకునేవాళ్లం. కట్టు లోపం వల్ల సరుకు పాడైతే రైల్వే బాధ్యత ఎంతవరకో 1989 చట్టంలోనే ఉంది. ఎందుకింత పట్టింపు? 1871లో బొంబాయి వైపు నుంచి గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే, మద్రాసు వైపు నుంచి మద్రాస్ రైల్వే మన రాయచూరులోనే కలిశాయి. ఒక కంపెనీ బండిలో ఎక్కిన బస్తాని ఇంకో కంపెనీ మనిషి దించుకోవాలి. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూడరు. వాళ్ల మధ్య నమ్మకం అంటే ఆ రూలే.

డెబియన్ కథా అంతే. 1993 ఆగస్టు 16న ఇయాన్ మర్డాక్ అనే అమెరికా కాలేజీ కుర్రాడు దాన్ని మొదలుపెట్టాడు. తన పేరునీ, అప్పటి స్నేహితురాలు డెబ్రా పేరునీ కలిపి ఆ పేరు పెట్టాడు. ఒక్కో సాఫ్ట్‌వేర్‌ని ఒక్కో మూటగా కట్టాలి. దాన్ని ప్యాకేజీ అంటారు. కట్టేవాళ్లు దేశదేశాల వాలంటీర్లు, జీతం లేదు, పై అధికారి లేడు. 1996 జూన్‌లో వచ్చిన 1.1 విడుదలలో 474 ప్యాకేజీలు. 2023లో వచ్చిన 12వ విడుదలలో 64 వేలకు పైగా. జర్మనీలో ఒకరు కట్టిన మూట, బ్రెజిల్‌లో ఇంకొకరు కట్టిన మూట, మన మల్లట్‌లో ఒకే కంప్యూటర్లో కొట్లాడుకోకుండా ఉండాలి.

అందుకే డెబియన్ పాలసీ అనే పుస్తకం పుట్టింది. తొలి ప్రతుల మీద ఇయాన్ జాక్సన్, క్రిస్టియన్ ష్వార్జ్ పేర్లు, 1996 నుంచి 1998 వరకు సంవత్సరాలు ఉంటాయి. ఏ ఫైలు ఎక్కడ పెట్టాలి, ఒక ప్యాకేజీ నడవడానికి ఇంకేవి కావాలో ఎలా రాయాలి, లైసెన్సు కాగితం ఎక్కడ ఉండాలి, అన్నీ అందులో ఉంటాయి. నాకు బాగా నచ్చిన రూలు ఒకటి: కంప్యూటర్ సొంతదారు ఏదైనా సెట్టింగ్ తన చేత్తో మార్చుకుని ఉంటే, కొత్త ప్యాకేజీ వచ్చి దాన్ని చెరిపేయకూడదు. ఇంటివాడి మాటకి ఆ మర్యాద.

ష్వార్జ్ తప్పుకున్నాక ఆ పుస్తకాన్ని ఒక్కరి చేతిలో పెట్టలేదు. మనోజ్ శ్రీవాస్తవ లాంటివాళ్లు ముందుకొచ్చి, రూలు మార్చడానికి కూడా ఒక పద్ధతి రాశారు. మార్పు కావాలని ఎవరైనా అడగొచ్చు. అందరికీ కనబడేచోట ప్రతిపాదన రాయాలి, కారణం చెప్పాలి. ఇప్పటి పద్ధతిలో ముగ్గురు డెవలపర్లు ఆ మాటలకి ఒప్పుకుంటేనే అది పుస్తకంలోకి వెళుతుంది. ఎడిటర్లు తమకి తోచింది రాయరు, అందరూ ఒప్పుకున్నది రాస్తారు.

అందులో మూడు మాటలు ముఖ్యం. 'తప్పనిసరి' అని రాస్తే, దాన్ని మీరిన ప్యాకేజీ విడుదలకే అడ్డు. 'చేయాలి' అంటే చేయకపోవడం లోపమే, కానీ బయటకి తోసెయ్యరు. 'చేయొచ్చు' అంటే నీ ఇష్టం. మన పాత బైలాల్లో ఈ మూడూ ఒకే గంజిలో కలిసిపోయాయి, అందుకే ప్రతి మీటింగులో గొడవ.

1999లో వాళ్లకీ ఒక పెద్ద గొడవ వచ్చింది. ప్యాకేజీ వివరాల కాగితాలన్నీ యుఎస్ఆర్ కింద డాక్ అనే ఫోల్డర్లో ఉండేవి. కొత్త ప్రమాణం ప్రకారం అవి యుఎస్ఆర్ కింద షేర్, దాని కింద డాక్ లోకి పోవాలి. ఒక్క గీత గీసి మార్చేస్తే? వేలకొద్దీ ప్యాకేజీలు ఒక్క రాత్రిలో తప్పుడు ప్యాకేజీలు అయిపోతాయి. పాత చోట వెతికేవాడికి ఏమీ దొరకదు. తగవు వాళ్ల టెక్నికల్ కమిటీ దాకా వెళ్లింది. కాగితాలు కొత్త చోట పెట్టండి, పాత చోట నుంచి అక్కడికి దారి చూపే లింకు ఉంచండి అని కమిటీ చెప్పింది. అందరూ మారాక, ఏళ్లు గడిచాక, ఆ లింకులు తీసేశారు. ఆలస్యమైంది, నిజమే. కానీ ఎవరి ఇల్లూ కూలలేదు.

ఇంకో చిన్న ఏర్పాటు చూడండి. నేను పాలసీ ఫలానా సంచికతో సరిచూసుకున్నాను అని ప్రతి ప్యాకేజీ మీద ఒక అంకె ఉంటుంది. సంచిక మారితే ఏం మారిందో జాబితా ఇస్తారు. కట్టినవాడు తీరిక చూసుకుని దిద్దుకుని అంకె మారుస్తాడు. మేం రైల్వేలో కరెక్షన్ స్లిప్పులు కత్తిరించి రూలు పుస్తకంలో అంటించేవాళ్లం. స్లిప్పు అంటించని పుస్తకం ఏదో చూస్తే తెలిసిపోయేది. అదే పద్ధతి.

దీనివల్ల మనకేం అనకండి. 2005లో హైదరాబాదు మిత్రులు తెచ్చిన తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ స్వేచ్ఛ ఈ డెబియన్ మీదే కట్టింది. చెన్నైలో సీడాక్ వాళ్లు చేసిన బాస్ కూడా దీని మీదే. తిరుమల కృష్ణదేశికాచార్యులు గారి పోతన, వేమన ఫాంట్లు డెబియన్ ప్యాకేజీగా దొరుకుతాయి. తమిళ మీడియంలో చదివి, పెద్దయ్యాక తెలుగు అక్షరం నేర్చుకున్న నాకు, ఎక్కడివాళ్లో కట్టిన మూటలో మన అక్షరం చెక్కుచెదరకుండా రావడం చిన్న విషయం కాదు.

ఇక మన చిత్తుప్రతి. ప్రవేశ రుసుము రసీదు చూపలేని సభ్యుడికి వచ్చే నెల నుంచి ఓటు లేదు అని అందులో ఉంది. రసీదులు సరిగా ఉండాలన్న కోరిక మంచిదే. కానీ కాలవ నీళ్లు చూసుకుని కోస్తా నుంచి వచ్చి ఇక్కడ పొలం దున్నిన మొదటి తరం పెద్దలలో చాలామందికి రసీదులే ఇవ్వలేదు, చేతిలో డబ్బు పెట్టారు, పుస్తకంలో పేరు ఎక్కింది, అంతే. ఈ రూలు పాసైతే సంఘం కట్టినవాళ్లే సంఘానికి బయటివాళ్లు అవుతారు.

నేను అడిగేవి మూడు. ఒకటి, కొత్త సభ్యులకి రసీదు తప్పనిసరి చేయండి. పాతవాళ్ల పేరు పాత రిజిస్టరులో ఉంటే చాలు అని రాయండి, అదే మన లింకు. రెండు, దిద్దుకోవడానికి కనీసం రెండేళ్ల గడువు ఇవ్వండి. మూడు, ఇకమీదట బైలా మార్పు ఏదైనా కారణంతో సహా నోటీసు బోర్డు మీద పెట్టి, ముగ్గురు సభ్యులు సంతకం చేశాకే మీటింగుకి తేవాలి.

మూడోదానికి నేను మొదటి సంతకం పెట్టేశాను. కాగితం ఆఫీసు బల్ల మీద ఉంది. ఇంకా ఇద్దరు కావాలి.