తెలుగు డిజిటల్ గ్రంథాలయాలు

డిజిటల్ గ్రంథాలయం అంటే పుస్తకాలు, పత్రికలు, తాళపత్రాలు, ఛాయాచిత్రాలు, ధ్వనిముద్రణలను కంప్యూటరు చదవగలిగే రూపంలోకి మార్చి, వాటికి పట్టిక కట్టి, నెట్‌వర్క్ ద్వారా ఎక్కడి పాఠకుడికైనా అందించే ఏర్పాటు. పట్టిక లేకపోతే అది స్కాన్ చేసిన పుటల గుట్ట. నెట్‌వర్క్ లేకపోతే బీరువాకు బదులు డిస్కులో దాచిన పుస్తకం. తెలుగులో ఈ సేవలు 1990లలో విదేశీ విశ్వవిద్యాలయాల్లోని తెలుగు విద్యార్థుల ప్రయత్నాలతో మొదలై, 2003 తరువాత పెద్ద ఎత్తున పుస్తకాల స్కానింగుగా మారాయి. ఇప్పుడు జాతీయ స్థాయి వేదికల్లో భాగమయ్యాయి.

వీటికి పునాది అంతకు ముందటి గ్రంథాలయోద్యమం. హైదరాబాదులో 1891లో ఆసఫియా గ్రంథాలయం, 1901లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం, 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం ఏర్పడ్డాయి. కోస్తాలో అయ్యంకి వెంకటరమణయ్య వంటి వారి కృషితో గ్రంథాలయ సంఘాలు ఊరూరా వెలిశాయి. పాతూరి నాగభూషణం 1930లలో గుంటూరు జిల్లా కాలువల మీద పుస్తకాల పడవ నడిపించారు. పాఠకుడు పుస్తకం దగ్గరికి రాలేకపోతే పుస్తకమే అతని దగ్గరికి వెళ్లాలన్న ఆలోచన తెలుగువారికి అప్పటికే ఉంది. హైదరాబాదు రాష్ట్రంలో 1955లోనూ ఆంధ్రప్రదేశ్‌లో 1960లోనూ గ్రంథాలయ చట్టాలు వచ్చాయి. స్థానిక సంస్థలు ఇంటిపన్నుతో పాటు వసూలు చేసే గ్రంథాలయ సెస్సుతో జిల్లా గ్రంథాలయ సంస్థలు నడిచే పద్ధతి స్థిరపడింది. డిజిటల్ సేకరణలకు ఎక్కిన పాత పుస్తకాల్లో చాలావాటి మీద ఈ గ్రంథాలయాల ముద్రలే కనిపిస్తాయి.

పుస్తకం కంటే ముందు అక్షరం కంప్యూటరులోకి రావలసి వచ్చింది. 1990ల తొలినాళ్లలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో తెలుగువారు రోమన్ లిపిలో తెలుగు రాసే పద్ధతి ఒకటి రూపొందించారు. ఆర్‌టీఎస్ అని పేరుపడిన ఆ పద్ధతిలో యూజ్‌నెట్ చర్చావేదికల మీద పద్యాలు, వ్యాసాలు, వాదోపవాదాలు సాగాయి. ఒకే పుస్తకాన్ని వేర్వేరు దేశాల వాళ్లు తలా కొంత టైపు చేసి పంచుకోవడమూ అప్పుడే అలవాటైంది. అన్ని భాషల అక్షరాలకు ఒకే సంకేత పద్ధతి అయిన యూనికోడ్ 1991లో వెలువరించిన తొలి కూర్పులోనే తెలుగుకు చోటు దొరికినా అది ఇంటింటి కంప్యూటరులోకి రావడానికి మరో పదేళ్లు పట్టింది. విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి ఫాంటు వచ్చేదాకా, ఆ తరువాత కొన్నేళ్లు కూడా, దినపత్రికలు, ప్రచురణకర్తలు ఎవరి ఫాంటు వాళ్లే వాడుకున్నారు. ఒక పత్రిక వెబ్‌సైటులోని మాట మరో చోట అతికిస్తే అర్థం లేని గుర్తులుగా మారేది. ఆ మాటను వెతికే మార్గమూ ఉండేది కాదు. వెన్న నాగార్జున తయారుచేసిన పద్మ అనే సాధనం ఇలాంటి ఫాంట్ల రాతను యూనికోడ్‌లోకి మార్చి ఈ అడ్డును చాలావరకు తొలగించింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు అంకురార్పణ చేసింది కూడా ఆయనే.

పుస్తకాల డిజిటీకరణలో అతి పెద్ద ప్రయత్నం డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. దీని వెనుక ఉన్నది అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన రాజ్ రెడ్డి. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన ఈ శాస్త్రవేత్త పది లక్షల పుస్తకాలను ప్రపంచమంతటికీ ఉచితంగా అందించాలని తలపెట్టిన మిలియన్ బుక్ ప్రాజెక్టులో చైనా, ఈజిప్టు సంస్థలతో పాటు భారతదేశమూ చేరింది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ తరఫున ఎన్. బాలకృష్ణన్ దేశంలో ఈ పనిని సమన్వయం చేశారు. 2003 సెప్టెంబరులో అప్పటి రాష్ట్రపతి ఎ.పి.జె. అబ్దుల్ కలాం దీని వెబ్‌సైటును ప్రారంభించారు. హైదరాబాదులోని అంతర్జాతీయ సమాచార సాంకేతిక సంస్థ, అంటే ట్రిపుల్ ఐటీ, ఒక ప్రధాన కేంద్రంగా పనిచేసింది. రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంగా మారిన ఆసఫియా, తిరుమల తిరుపతి దేవస్థానం పుస్తకాలు ఇచ్చిన సంస్థల్లో ఉన్నాయి. ఉస్మానియా విశ్వవిద్యాలయ గ్రంథాలయం పుస్తకాలూ ఇదే ప్రపంచ పథకంలోకి వెళ్లాయి. ఇంటర్నెట్‌లో దొరికే ఎన్నో పాత తెలుగు పుస్తకాల ముఖపత్రం మీద ‘ఓయూ’ అక్షరాలతో మొదలయ్యే సంఖ్య అందుకే ఉంటుంది.

పని జరిగిన తీరు ఇది. పుస్తకం వెన్ను విరగకుండా తెరిచి పెట్టి, పై నుంచి కెమెరా లాంటి స్కానరుతో ఒక్కో పుటను బొమ్మ తీసేవారు. తరువాత అంచులు కత్తిరించడం, వంకర సరిచేయడం, మచ్చలు తుడవడం. ఒక్కో పుట ఒక్కో ఫైలు. చివరగా పుస్తకం పేరు, రచయిత, సంవత్సరం, విషయం నమోదు చేసేవారు. అసలు చిక్కు ఈ చివరి మెట్టులోనే వచ్చింది. తెలుగు పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరికి తోచినట్లు వారు రాశారు. ఒకే కావ్యం నాలుగు రకాల వర్ణక్రమాలతో నాలుగు చోట్ల చేరింది. కొన్ని తెలుగు పుస్తకాలు సంస్కృతం కింద నమోదయ్యాయి. పేరు తెలిసిన పుస్తకమే కంటికి కనపడని పరిస్థితి. లక్షల పుటలు స్కాన్ చేయడానికి పెట్టిన శ్రద్ధలో కొంత పట్టిక మీద పెట్టి ఉంటే ఈ సేకరణ ఆనాడే పల్లె పాఠశాల ఉపాధ్యాయుడికి కూడా పనికొచ్చేది.

ఆ లోటును కొంతవరకు తీర్చింది స్వచ్ఛంద కార్యకర్తలు. తెలుగు వికీపీడియన్లు 2014 నుంచి డిజిటల్ లైబ్రరీలోని తెలుగు పుస్తకాలను ఒక్కొక్కటిగా తెరిచి చూసి, పేరు, రచయిత, విషయం తెలుగులో రాసి, అక్షరక్రమంలో పట్టికలు తయారుచేశారు. చాలామంది పాఠకులు ఆ సేకరణలోని పుస్తకాలను మొదటిసారి చూసింది ఈ పట్టికల ద్వారానే. అంతలో కాపీరైటు చిక్కుల వల్ల 2017 నాటికి అసలు వెబ్‌సైటు ఆగిపోయింది. అప్పటికే కార్ల్ మలమూద్ నడిపే పబ్లిక్ రిసోర్స్ సంస్థ ఆ సేకరణలోని నాలుగు లక్షలకు పైగా పుస్తకాలను ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి ఎక్కించి ఉండటంతో అవి పాఠకులకు దూరం కాలేదు. ప్రభుత్వ సొమ్ముతో నిర్మించిన సేకరణ ఒకే సర్వరు మీద ఆధారపడితే ఏమవుతుందో ఈ ఉదంతం చూపింది. భారత చట్టం ప్రకారం రచయిత మరణించిన తరువాత 60 ఏళ్ల దాకా హక్కులుంటాయి. కానీ తెలుగు రచయితల మరణ సంవత్సరాలు ఒకచోట దొరకకపోవడం వల్ల ఏ పుస్తకం స్వేచ్ఛగా పెట్టవచ్చో తేల్చడమే ఒక పరిశోధనగా మిగిలింది.

బొమ్మగా ఉన్న పుటను వెతకగలిగే పాఠంగా మార్చడం మరో ఘట్టం. తెలుగులో గుణింతాలు పైన, ఒత్తులు కింద, పక్కన చేరడంతో అక్షర ఆకారాల సంఖ్య వేలకు చేరుతుంది. పాత సీసపు అచ్చులో అవి ఒకదానికొకటి తగులుతాయి కూడా. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో అతుల్ నేగి, చక్రవర్తి భగవతి తదితరులు 2001లోనే తెలుగు అక్షరాలను గుర్తించే వ్యవస్థపై పరిశోధన ప్రచురించారు. ట్రిపుల్ ఐటీలోనూ ఈ పని సాగింది. 2015 ప్రాంతంలో గూగుల్ అక్షర గుర్తింపు సేవ తెలుగుకు అందాక తెలుగు వికీసోర్స్‌లో పని వేగం పుంజుకుంది. అక్కడ ఒక పక్క పుట బొమ్మ, మరో పక్క పాఠం పెట్టి మనుషులే దిద్దుతారు.

పత్రికల విషయంలో ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ చేసిన సేవ ప్రత్యేకమైనది. ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక వంటి పాత పత్రికల సంచికలను స్కాన్ చేసి అందరికీ తెరిచింది. చేత్తో తాకితే పొడిగా రాలిపోయే న్యూస్‌ప్రింట్‌కు ఇంతకంటే మేలైన రక్షణ లేదు. నిఘంటువుల్లో చికాగో విశ్వవిద్యాలయం డిజిటల్ సౌత్ ఏషియా లైబ్రరీ బ్రౌన్, గ్విన్ నిఘంటువులను వెతికే వీలుతో అందించింది. ఆంధ్రభారతి వెబ్‌సైటు ఎన్నో తెలుగు నిఘంటువులను ఒకే చోట చేర్చి, అనువాదకులకు, విద్యార్థులకు రోజువారీ అవసరంగా మారింది. 1998లో మొదలైన ఈమాట వంటి వెబ్ పత్రికలు పుట్టుకతోనే డిజిటల్ రూపంలో ఉన్న సాహిత్యాన్ని పోగుచేశాయి.

విశ్వవిద్యాలయాల స్థాయిలో వేరొక దారి నడిచింది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 1991లో మొదలుపెట్టిన ఇన్‌ఫ్లిబ్‌నెట్ దేశంలోని విద్యా గ్రంథాలయాలను నెట్‌వర్క్‌తో కలిపే పని చేపట్టింది. 2010లో ఎన్-లిస్ట్ పేరుతో కళాశాలలకు కూడా ఎలక్ట్రానిక్ పుస్తకాలు, పత్రికలు అందించసాగింది. పిహెచ్.డి. సిద్ధాంత గ్రంథాలను ఎలక్ట్రానిక్ రూపంలోనూ సమర్పించాలని 2009 నిబంధనలు చెప్పడంతో శోధ్‌గంగ ఏర్పడింది. దానివల్ల తెలుగు శాఖల పరిశోధనలూ బయటికి వచ్చాయి. ఐఐటీ ఖరగ్‌పూర్ రూపొందించిన నేషనల్ డిజిటల్ లైబ్రరీ 2018 జూన్ 19న జాతికి అంకితమైంది. ఇది పుస్తకాలన్నింటినీ తన దగ్గర దాచుకోదు. వేర్వేరు సంస్థల పట్టికలను సేకరించి ఒకే చోట వెతికే వీలు కల్పిస్తుంది. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ‘ఒకే దేశం – ఒకే చందా’ పథకం మూడేళ్లకు రూ. 6,000 కోట్లతో 30 ప్రచురణ సంస్థలకు చెందిన సుమారు 13,000 పరిశోధన పత్రికలను 6,300కు పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకు తెరిచింది.

ఉత్తర తెలంగాణలో ఈ సేవలకు ఒక పెద్ద ప్రయోగశాల బాసర. అప్పటి ఆదిలాబాద్ జిల్లాలో ఉన్న ఈ క్షేత్రంలో 2008లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయ ప్రాంగణం మొదలైంది. పదో తరగతి ముగించిన గ్రామీణ విద్యార్థులకు తలా ఒక ల్యాప్‌టాప్ ఇచ్చి, పాఠాలను ప్రాంగణ నెట్‌వర్క్ మీదుగా అందించారు. ఈ విశ్వవిద్యాలయానికి అప్పట్లో రాజ్ రెడ్డి కులపతిగా ఉండటం గమనించదగ్గది. పుస్తకాలను నెట్‌లోకి ఎక్కించిన ఆలోచనే ఇక్కడ చదువును తీగ మీదుగా పల్లె పిల్లల ముందుకు తెచ్చింది.

అదే పాత జిల్లాలోని ఇచ్చోడ పరిస్థితి బాసరది కాదు. ఆదిలాబాద్‌కు సుమారు 30 కిలోమీటర్ల దూరంలో 44వ జాతీయ రహదారి మీద ఉన్న ఈ మండల కేంద్రం చుట్టూ గోండు గూడేలు, లంబాడీ తండాలు ఉన్నాయి. తెలుగుతో పాటు గోండి, లంబాడీ, మరాఠీ వినిపించే ప్రాంతమిది. గ్రామపంచాయతీలకు ఆప్టికల్ ఫైబర్ వేసే భారత్‌నెట్, మిషన్ భగీరథ నీటి గొట్టాలతో పాటు కేబుల్ వేసే టీ-ఫైబర్ పథకాలు ఇలాంటి మండలాల కోసమే వచ్చాయి. తీగ వచ్చినంత మాత్రాన పుస్తకం రాదు. ఇక్కడి పాఠకుడికి కావలసింది తన భాషలో, తన జిల్లా గురించి ఉన్న సమాచారం.

అలాంటి సమాచారం లేకపోలేదు. ఇదే ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలం గుంజాలలో గోండి భాషకు ప్రత్యేక లిపిలో రాసిన పాత ప్రతులు దొరికాయి. గోండు రాజవంశాల వృత్తాంతాలు వాటిలో ఉన్నాయి. అప్పటికి ఆ లిపిని చదవగలిగిన వాళ్లు ఊరిలో కొద్దిమంది వృద్ధులే. పరిశోధకుడు జయధీర్ తిరుమలరావు, హైదరాబాదు విశ్వవిద్యాలయంలోని దళిత ఆదివాసీ అధ్యయన, అనువాద కేంద్రం ఈ లిపిని వెలుగులోకి తెచ్చి, వాచకాలు తయారుచేయించి, పిల్లలకు నేర్పించే ఏర్పాటు చేశారు. అన్షుమన్ పాండే సమర్పించిన ప్రతిపాదన మేరకు 2018 జూన్‌లో వెలువడిన యూనికోడ్ 11.0లో గుంజాల గోండికి స్థానం లభించింది. గూగుల్ నోటో ఫాంట్లలోనూ ఇది చేరింది. దీంతో ఒక గూడెం రాత ప్రపంచంలోని ఏ ఫోనులోనైనా నిలవగలిగే స్థితికి వచ్చింది. తెలుగునాట డిజిటల్ గ్రంథాలయ చరిత్రలో దీనికి లక్ష పుస్తకాల స్కానింగుతో సమానమైన విలువ ఉంది.

1940లలో అప్పటి ఆదిలాబాద్ జిల్లాలోని గోండు గ్రామం మార్లవాయిలో ఉండి గోండుల జీవితాన్ని నమోదు చేసిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ తీసిన ఛాయాచిత్రాలు లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయం డిజిటల్ సేకరణలో చేరాయి. ఆ ఊరి మనుమలు తమ తాతల ముఖాలను ఇప్పుడు లండన్ సర్వరులో చూడవచ్చు. కానీ వాటి వివరణలు ఇంగ్లీషులో ఉన్నాయి. పాత ఆదిలాబాద్ జిల్లా మట్టుకు ముందుగా జరగవలసిన పని ఇదే: గుంజాల ప్రతులకు, మార్లవాయి చిత్రాలకు, గోండి పాటల ధ్వనిముద్రణలకు తెలుగులో, గోండిలో ఒకే పట్టిక కట్టడం, ఆ పట్టికను మండల కేంద్రాల గ్రంథాలయాల్లో అందరూ చూసేలా ఉంచడం.